స్టెప్నీ నుంచి లాక్ నట్టు దాకా: చక్రం ఊడదీయడం వెనక ఉన్న చరిత్ర

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ ఆదివారం పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది. టీ పెట్టుకుని చదవండి.

కంపెనీ యార్డుల్లో బండ్ల పని చూసే మనవాళ్లకి లాక్ నట్టు తెలిసే ఉంటుంది. చక్రానికి నాలుగైదు నట్లుంటే అందులో ఒకటి తేడాగా ఉంటుంది. మామూలు పానా పట్టదు. దాని తలమీదున్న గాళ్లకి సరిపోయే చిన్న కీ సాకెట్ ఉంటేనే తిరుగుతుంది. ఆ కీ పోయినా, అరిగినా చక్రం ఊడదు. అసలు ఈ తలనొప్పి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పుకుందాం.

ఒకప్పుడు ఇంగ్లాండులో ప్రతి వర్క్‌షాపుకీ తన సొంత థ్రెడ్ ఉండేది. ఒకరు చేసిన నట్టు ఇంకొకరి బోల్టుకి ఎక్కేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు, అందరూ ఒకే కొలతలో థ్రెడ్ కోయాలని ప్రతిపాదించాడు. రైల్వేలు దాన్ని పట్టుకున్నాయి. ఏ షాపులో కొన్న నట్టయినా బోల్టుకి ఎక్కే రోజులు అలా మొదలయ్యాయి.

తర్వాత కార్లొచ్చాయి. మొదటి కార్లలో చాలావాటికి చక్రం సులువుగా ఊడేది కాదు. పంక్చరైతే రోడ్డు పక్కన కూర్చుని, చక్రం బండికి ఉండగానే టైరు విప్పి ట్యూబు అతకాలి. 1904లో వేల్స్‌లోని లానెల్లి ఊళ్లో డేవిస్ అన్నదమ్ములు ఒక ఉపాయం చేశారు. చువ్వల్లేని రిమ్ముకి గాలి నింపిన టైరు ఎక్కించి, పంక్చరైన చక్రం పక్కన క్లాంపులతో బిగించేవాళ్లు. వాళ్ల షాపు ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. మనం ఇవాళ్టికీ ఊళ్లో "స్టెప్నీ తియ్‌రా" అంటున్నది ఆ వీధి పేరే!

ఆ తర్వాత చక్రమే నట్లతో ఊడొచ్చే పద్ధతి స్థిరపడింది. దాంతో ఇంకో భయం పట్టుకుంది. బండి ముందుకెళ్లేటప్పుడు ఎడమ పక్క నుంచి చూస్తే ఎడమ చక్రం నట్టు వదులయ్యే దిక్కులోనే తిరుగుతుంది కదా, మరి నట్లు ఊడిపోతే? అందుకే చాలా లారీల్లో, అమెరికాలో క్రైస్లర్ కార్లలో ఎడమ చక్రాలకి రివర్స్ థ్రెడ్ పెట్టారు. ఈ సంగతి తెలియని హెల్పర్ అలవాటు కొద్దీ బలంగా తిప్పితే ఇంకా బిగిసి స్టడ్డే విరిగేది. ఈ రివర్స్ థ్రెడ్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

సింగపూర్‌కి వద్దాం. ఇక్కడ ఫోర్డ్ కంపెనీ 1926లో అడుగుపెట్టింది. 1941లో బుకిత్ తిమాలో కార్లు బిగించే ఫ్యాక్టరీ తెరిచింది. ఆగ్నేయాసియాలో అలాంటిది అదే మొదటిది. కొన్ని నెలలకే, 1942 ఫిబ్రవరి 15న, ఆ ఫ్యాక్టరీలోనే బ్రిటిష్ వాళ్లు జపాన్‌కి లొంగిపోయారు. 1980లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడది మ్యూజియం, లీవు రోజున వెళ్లి చూడండి. అలాంటి ఫ్యాక్టరీ నడవాలంటే ఒక కొలత నట్టు, ఒక కొలత పానా ఉండాలి. విట్‌వర్త్ మొదలుపెట్టిన పని అక్కడ పూర్తిగా పండింది.

ఆ కథని తిరగేసింది ఖరీదైన చక్రాలు. అల్లాయ్ వీల్స్ వచ్చాక చక్రమే దొంగసొత్తయింది. ఒక్క పానా ఉంటే చాలు, నిమిషాల్లో నాలుగూ మాయం. అందుకని కావాలనే ఒక నట్టుని తేడాగా చేశారు. 1964లో పుట్టిన అమెరికా కంపెనీ మెక్‌గార్డ్ ఈ నట్లతోనే పేరు తెచ్చుకుంది. వందేళ్లు కష్టపడి అన్ని నట్లనీ ఒకటి చేశాం, దొంగ కోసం మళ్లీ ఒకదాన్ని వేరు చేశాం. దొంగకి వేసిన తాళం పనోడికీ పడింది.

సింగపూర్‌లో ఇది ఇంకాస్త ముదురుతుంది. 1990లో సీఓఈ పద్ధతి వచ్చింది. కారు వాడుకునే హక్కు పదేళ్లకే. ఆ పదేళ్లలో బండి చేతులు మారుతుంది. సిన్ మింగ్, ఉబి, కాకి బుకిత్ వర్క్‌షాపుల్లోకి వెళ్లొస్తుంది. ఆ తిరుగుడులో ఎక్కడో కీ జారిపోతుంది. పైగా ఇంపాక్ట్ గన్‌తో ఎవరో దాన్ని చచ్చేంత బిగించి ఉంటారు.

బిగుసుకున్నదాన్ని తీసే వరస ఇది. ముందు స్టెప్నీ గుంట, డాష్‌బోర్డు డబ్బా, టూల్ సంచీ వెతకండి. కీ కోడ్ కార్డు దొరికితే డీలర్ కొత్తది తెప్పిస్తాడు. కీ ఉండీ జారుతుంటే చక్రం నేలమీదే ఉంచి, గాళ్లు బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు నూనె వేయండి. మిగతా నట్లని కొంచెం బిగిస్తే లాక్ నట్టు మీద బరువు తగ్గుతుంది. కీని సుత్తితో తట్టి కూర్చోబెట్టి, పొడుగు పానాతో చేత్తోనే తిప్పండి. గన్ వద్దు, గన్ పెడితే కీ పగులుతుంది.

కీ లేకపోతే లోపల మెలికలు తిరిగిన ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ కొట్టి ఎక్కించాలి. దాని మెలిక రివర్స్! వదులు చేసే దిక్కుకి తిప్పేకొద్దీ నట్టుని ఇంకా కొరికి పట్టుకుంటుంది. పాత లారీల్లో స్టడ్లు విరగ్గొట్టిన ఎడమ మెలికే ఇక్కడ మనల్ని కాపాడుతుంది. కొన్ని నట్లకి పైన ఊరికే తిరిగే రింగు ఉంటుంది, ముందు దాన్ని తీయాలి. వెల్డింగు, డ్రిల్లింగు ఆఖరి మాట, అదీ తెలిసినవాళ్లే చేయాలి. గట్టి ఇనుము సుత్తి దెబ్బకి చిట్లి ఎగురుతుంది. కళ్లద్దాలు లేకుండా సుత్తి ఎత్తకండి, కన్ను పోతే డీలర్ దగ్గర దొరకదు.

చివరిగా ఒక్క మాట. బండి చేతికొచ్చినప్పుడే కీ ఉందా లేదా చూసి ఫోటో తీసి పెట్టుకోండి. కీ పోయినా, స్టడ్ విరిగినా నింద మొదట మనమీదకే వస్తుంది. సింగపూర్ ఎంప్లాయ్‌మెంట్ చట్టం ప్రకారం, నష్టం కింద జీతం కోయాలంటే తప్పు మనదని తేలాలి, మన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోసేది ఒక నెల జీతంలో నాలుగో వంతు మించకూడదు. ఈ ముక్క తెలియని తమ్ముళ్లు మీ డార్మిటరీలో ఉంటే చదివి వినిపించండి.