టైరు ఒకవైపే ఎందుకు అరుగుతుంది?

హైదరాబాదులో సికింద్రాబాదు నుండి ఉప్పల్ వైపు పోయే రోడ్డు మీద తార్నాక ఉన్నది. అక్కడ దక్షిణంగా మళ్ళితే ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణ. 1918లో వెలసిన ఈ విద్యాపీఠానికి పేరు తెచ్చిన ఆర్ట్సు కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ఈనాడు ఆ ఆవరణలో బారులు తీరి నిలిచిన మోటారు సైకిళ్ళ టైర్లను పరకాయించి చూస్తే ఒక వింత కనబడుతుంది. అన్నీ తిరిగేది ఈ రోడ్లమీదనే. అయినా ఒక టైరు నడుమ చదునైపోయి ఉంటుంది, ఒకటి రెండు అంచులలో అరిగి ఉంటుంది, మరొకటి ఒక పక్కనే నున్నబడి ఉంటుంది.

గాలి టైరును మొదట ఊహించినవాడు స్కాట్లండు ఇంజనీరు రాబర్ట్ విలియం తామ్సన్. 1845లో పేటెంటు పొందినాడు. లోపల రబ్బరు పట్టించిన గుడ్డగొట్టం, పైన తోలు. గుర్రపు బండ్లకు తొడిగి చూపినా, లోకం దానిని మరచిపోయినది. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం అదే ఉపాయాన్ని మళ్ళీ కనిపెట్టినాడు. తొలినాటి టైర్లు నల్లనివి కావు. రబ్బరులో కర్బనపు మసిని కలపడం ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వాడుకకు వచ్చినది. టైరు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగినది. లాంతరు చిమ్నీకి పట్టే మసి దీనికి దగ్గరి చుట్టమే.

రబ్బరు గట్టిపడినది గాని, సమంగా అరగడం మాత్రం దానివల్ల రాలేదు. జర్మనీలో పుట్టి ఇంగ్లండులో రబ్బరు పరిశోధన చేసిన అడాల్ఫ్ షల్లమాక్ 1950, 1960 దశకాలలో ఈ చిక్కును విప్పినాడు. తిన్నగా దొర్లే చక్రం అరిగేది స్వల్పం. దొర్లుతూనే కొద్దిగా జారే చక్రమే అరుగుతుంది. చక్రాన్ని పక్కకు నెట్టే బలం రెండింతలైతే అరుగుదల సుమారు నాలుగింతలవుతుంది!

అందుచేతనే చిన్న వంకర పెద్ద నష్టం తెస్తుంది. గొలుసు బిగించేటప్పుడు వెనుక ఇరుసుకు ఇరువైపులా ఉండే గుర్తులు సమంగా లేకపోతే చక్రం వంకరగా నడుస్తుంది. షాక్ అబ్జార్బరు పాడైతే చక్రం ఎగిరెగిరి పడి, టైరు మీద అలల వంటి గుంటలు ఏర్పడతాయి.

గాలి సంగతి లెక్క వేసి చూడవచ్చును. ఇద్దరెక్కిన బండి వెనుక చక్రంపై 160 కిలోల బరువు పడినదనుకుందాం. గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2 కిలోలైతే, నేలకు ఆనే చోటు సుమారు 80 చదరపు సెంటీమీటర్లు, దాదాపు అరచేయంత. పీడనం 1.6కు తగ్గితే అది 100 అవుతుంది. బరువు అంచులపైకి పోయి అవి అరుగుతాయి. గాలి ఎక్కువైతే నడుమ భాగమే మోస్తుంది. బండి నడిపిన వెంటనే టైరు వేడికి పీడనం పెరుగుతుంది కనుక, చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

రోడ్డు కూడా తన పని తాను చేస్తుంది. ఉప్పల్ రోడ్డు వంటి తిన్నని దారిలో నడుమ అరుగుతుంది. మలుపులో బండి వాలినప్పుడు భుజం అరుగుతుంది. మనం ఎడమ పక్కన నడుస్తాము గనుక ఎడమ మలుపు పొట్టిది. కుడి మలుపు రోడ్డంతా దాటి పోవలసిన పొడుగుది. ముందు టైరుకు కుడి భుజం కొంచెం ఎక్కువ అరగడానికి ఇదొక కారణమంటారు. రోడ్డు వాలును తప్పుపట్టేవారూ ఉన్నారు. ఆ వాదం ఇంకా తెగలేదు.

మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనపు టైరులో గాడి లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. వానలో చక్రం కింది నీటిని తప్పించేవి ఆ గాడులే. కొలిచేవారు నడుమా, రెండు భుజాలా విడివిడిగా కొలవాలి. భుజాలలో ఇంకా రెండు మిల్లీమీటర్లు మిగిలి ఉన్నా, నడుమ గాడి మాయమైతే ఆ టైరు పని అయిపోయినట్లే.