తిరిగి రావాలంటే ఇల్లుండాలి

మొన్నామధ్య ఒక ఫ్రెండు ఫోన్ చేశాడు. ఏడేళ్ళ కింద వదిలేసిన కంపెనీలోనే మళ్ళీ చేరుతున్నాడట, ఈసారి మేనేజర్‌గా. "అప్పుడు నాతో క్యాంటీన్‌లో కూర్చుని మేనేజర్‌ని తిట్టినోళ్ళే ఇప్పుడు నా టీంలో ఉన్నార్రా, ఎట్లా?" అని వాడి బాధ. నాకెందుకో సయ్యద్ నయీముద్దీన్ గుర్తొచ్చారు.

"ఆయనెవరు?" అన్నాడు వాడు. వాడి తప్పేం లేదు. తొగుటలో పెరిగిన నాకు కూడా ఆట అంటే కబడ్డీ, లేకపోతే క్రికెట్. హైదరాబాద్ ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన ఊరని ఉద్యోగంలో చేరిన చాన్నాళ్ళకు గానీ తెలియలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్నప్పుడే భారత్ 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం గెలిచింది. ఆ మరుసటి ఏడాదే ఆయన పోయారు.

నయీం ఆ పోలీస్ జట్టు నుంచి వచ్చినవారే. 1944లో పుట్టారు, డిఫెండరు. 1960ల మధ్యలో కలకత్తా వెళ్ళి అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో మన కెప్టెన్ ఆయనే. జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం తెచ్చారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మగవాళ్ళ జట్టుకి అదే ఆఖరి పతకం, ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

ఇక అసలు కథ. 1990లో ఆయన తన పాత క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కి కోచ్. ఆ ఏడాది ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఆ క్లబ్బువే. అంతకుముందు ఆ మూడింటినీ ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది గెలిచింది 1972లోనే. 1990కి గాను ఆయనకు ద్రోణాచార్య కూడా వచ్చింది. ఆటగాడిగా అర్జున అవార్డు 1970లోనే ఉంది.

క్రమశిక్షణ విషయంలో నయీం మహా కఠినం అని పేరు. మా వాడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందనుకుంటా. పాత చోటికి పెద్దగా తిరిగొచ్చినవాడికి పాత చనువు పెట్టుబడి కాదు. ఒకప్పుడు నువ్వు బాగా ఆడావన్న సంగతి మొదటి వారం పనికొస్తుంది, అంతే. రెండో వారం నుంచి నీ పని నువ్వు చూపించుకోవాల్సిందే.

ఇదే మాట వాడికి చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఇంకో ప్రశ్న వదల్లేదు. హైదరాబాద్ మనిషి కోచ్‌గా పేరు తెచ్చుకోవడానికి తిరిగి వెళ్ళింది హైదరాబాద్ జట్టుకి కాదు, కలకత్తాకి. ఎందుకు?

నాకు తోచింది ఇది. మోహన్ బగాన్ 1889లో, మహమ్మడన్ 1891లో, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టాయి. అవి సభ్యుల క్లబ్బులు. తాత కార్డు మనవడి దాకా వస్తుంది, ఓడిపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మన పోలీస్ జట్టు ఒక డిపార్ట్‌మెంటు జట్టు. ఆటగాడికి అది ఉద్యోగం, అభిమానికి అందులో వాటా లేదు. శ్రద్ధ పెట్టే అధికారి, రహీం సాబ్ లాంటి గురువు ఉన్నన్నాళ్ళు వెలిగింది. తర్వాత మంచి ఆటగాళ్ళంతా కలకత్తా రైలెక్కారు. 1977లో పెలే వచ్చి ఆడిన మ్యాచిలో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్ కూడా మన హైదరాబాదీనే. 2023 ఆగస్టు 15న ఇక్కడే కన్నుమూశారు. మనలో ఎంతమందికి తెలిసింది?

మరి హైదరాబాద్ ఎఫ్‌సీ? 2019లో పెట్టారు, 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025లో యజమానులు దాన్ని ఢిల్లీకి తరలించి పేరే మార్చేశారు. ఆ కప్పు గెలిచిన కుర్రాడెవరైనా ఇరవై ఏళ్ళ తర్వాత కోచ్‌గా "నా పాత క్లబ్బు"కి వద్దామంటే ఏ ఊరు రావాలి?

ఇది మా వైపు వాళ్ళకి తొందరగా అర్థమవుతుంది. తొగుట మండలంలో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మల్లన్నసాగర్ కింద పోయాయి. యాభై టీఎంసీల రిజర్వాయరు, 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. నీళ్ళు వద్దని నేననను, మా ప్రాంతానికి నీళ్ళ విలువ తెలుసు. కానీ అక్కడి పిల్లగాడు రేపు ఎంత పెద్దోడై వచ్చినా, కారు ఆపేది గజ్వేల్ దగ్గరి కాలనీలో. వాడు ఆడుకున్న బడి అక్కడ లేదు.

తిరిగొచ్చిన మొనగాడి గురించి అందరం రాస్తాం. వాడు వచ్చేదాకా చందా కట్టి, గేటు తీసి, మైదానంలో గడ్డి కోసి ఇల్లు నిలబెట్టినవాళ్ళ గురించి రాయం. కలకత్తా దగ్గర ఉన్నదీ, మన దగ్గర లేనిదీ వాళ్ళే.