ప్రతిజ్ఞ తర్వాత: చిన్నపిల్లలకు బడి ఎప్పుడు సొంతమవుతుంది?

కొండకర్ల బడిపిల్లలు ప్రార్థన సమయంలో చేయి చాచి చెప్పే ప్రతిజ్ఞ పుట్టింది పక్కనే ఉన్న విశాఖపట్నంలో. 1962లో అక్కడ జిల్లా ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకటసుబ్బారావు దాన్ని తెలుగులో రాశారు. తర్వాత అది దేశభాషల్లోకి వెళ్లింది. ఈ దేశంలోని వాళ్లంతా ఒకే కుటుంబమన్న భావాన్ని ఒకటో తరగతి పిల్ల కూడా తడబడకుండా అప్పజెబుతుంది. గంట కొట్టి తరగతిలోకి వెళ్లాక ఆ భావం ఏ పనిలో కనిపిస్తుందన్నదే ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

కొండకర్ల ఆవ (మంచినీటి సరస్సు) మీద తిరిగే దోనెలు రెండు తాటిబోదెలను తొలిచి జతకట్టినవి. వాటిని నడపడం పుస్తకంలో దొరికే చదువు కాదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, వల అందించి, ఒకనాటికి గెడ చేతిలోకి తీసుకుంటే వచ్చే చదువు. గ్వాటెమాలాలోని మాయా కుటుంబాల్లో పిల్లలు ఇలాగే పనిలో చేయి కలుపుతూ నేర్చుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రవేత్త బార్బరా రోగాఫ్ ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. ఇంట్లో ఇలా అక్కరకొచ్చే పిల్లవాడికి బడిలో తరచుగా వినిపించేది మాత్రం ‘చేతులు కట్టుకుని కూర్చో’ అన్న మాటే.

సాయపడే గుణాన్ని పిల్లల్లో కొత్తగా నాటక్కర్లేదు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో 2006లో ప్రచురించిన పరిశోధనలో 24 మంది 18 నెలల పసివాళ్లను పరీక్షించారు. చేతిలోంచి జారిపోయిన వస్తువును అందుకోలేక ఇబ్బంది పడుతున్న పెద్దమనిషి వంటి సందర్భాల్లో, ఎవరూ అడగకుండానే, 22 మంది కనీసం ఒక్కసారైనా సాయపడ్డారు. బడులకు అంతకంటే ముఖ్యమైనది వాళ్లదే 2008 నాటి ఫలితం: సాయం చేసినందుకు బహుమతి అందుకున్న పసివాళ్లు, ఆ తర్వాత బహుమతి లేనప్పుడు ముందంత సాయపడలేదు. మంచి పనికి నక్షత్రాల స్టిక్కర్లు అంటించే అలవాటును ఈ వెలుగులో మళ్లీ చూడాలి.

పిల్లలు ఒకరికొకరు సాయపడుతూ, పనిలో పాలుపంచుకుంటూ నేర్చుకోవాలన్న ఆలోచన తెలుగు పిల్లల మధ్య బలంగా ఆచరణలోకి వచ్చిన చోట్లలో ఒకటి, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో కర్ణాటకలోని కోలారు జిల్లాలో డేవిడ్ హార్స్‌బర్గ్ 1972లో స్థాపించిన నీల్‌బాగ్ బడి. అక్కడ పరీక్షలు, పోటీలు ఉండేవి కావు, దండన ఉండేది కాదు. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి చదివేవారు. వడ్రంగం, తోటపని చదువులో భాగాలే. ఆ ఒరవడిలో శిక్షణ పొందిన పద్మనాభరావు, రమ దంపతులు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపారు. ఒకే గదిలో అన్ని తరగతులూ ఉండటాన్ని వాళ్లు లోపంగా చూడలేదు. పాఠాన్ని కార్డులుగా, మెట్లుగా విడగొట్టి పిల్లలను గుంపులు చేశారు. ఒక గుంపుకు టీచరు తోడు, మరో గుంపుకు తోటి పిల్లలే తోడు. నిన్న సాయం అందుకున్న పిల్ల ఇవాళ ఇంకొకరి కార్డు చూసి దారి చూపుతుంది. ‘మెట్రిక్ మేళా’లో పిల్లలే కొలతలు, తూకాల అంగళ్లు పెడితే ఊరివాళ్లు వచ్చారు. తూకం తప్పితే ఎదుటివాళ్లు అడుగుతారు కాబట్టి, ఆ లెక్క నోట్‌బుక్కు దాటి ఊరి పని అయింది.

అయితే పని అనగానే మన బడుల్లో ఒక పాత గాయం కదులుతుంది. సతారాలో చదువుకున్న రోజుల్లో అంబేద్కర్ తన గోనెసంచి మీద విడిగా కూర్చోవలసి వచ్చింది. ప్యూను కుళాయి తిప్పితే తప్ప దాహం తీరేది కాదు. పేరు హాజరుపట్టీలో ఉన్నా ఆ పిల్లవాడికి బడిలో చోటు లేదు. ఇవాళ కూడా ఊడ్చే పని ఆడపిల్లలకో, ఒక వాడ పిల్లలకో, ఆలస్యంగా వచ్చినవాళ్లకు శిక్షగానో పడితే అది వెలివేతకు ఇంకో రూపమే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. జపాన్ బడుల్లో శుభ్రం చేసే పని పిల్లలందరికీ వంతులవారీగా వస్తుంది. దాని గొప్ప చీపురులో లేదు, ఎవరికీ మినహాయింపు లేకపోవడంలో ఉంది. మరుగుదొడ్లు కడగడం మాత్రం ఏ పిల్లల వంతులోకీ రాకూడదు. దానికి జీతమిచ్చి మనుషులను పెట్టవలసిందే.

మరి కొండకర్లలో ఏ పనులు? బడిగంట, మొక్కలకు నీళ్లు, భోజనాల వేళ కొత్తగా చేరిన పిల్ల పక్కన కూర్చోవడం, రెండు రోజులుగా రానివాళ్ల గురించి టీచరుకు చెప్పడం వంటివి ఐదారేళ్లవాళ్లు చేయగలిగినవే. మూడు, నాలుగు తరగతులవాళ్లకు ఆవ ఉంది. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరిగే రోజుల్లో గట్టు మీద నిలబడి, పెద్దల తోడుతో, కనిపించిన కొంగలను, బాతులను రాసి బడిగోడకు అంటించవచ్చు. ఏటేటా చేరే ఆ కాగితాలు తర్వాతి తరగతికి పనికొస్తాయి.

పిల్లలకు చోటిచ్చే బడి తల్లిదండ్రులకూ ఇవ్వాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులకు తగ్గకుండా తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. కానీ కొండకర్లకు దగ్గర్లో ఉన్న అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల కర్మాగారాల్లో పనిచేసేది ఎక్కువగా మహిళలే. షిఫ్టులో ఉన్న అమ్మ పగటిపూట సమావేశానికి రాలేదు. సమావేశాన్ని ఆదివారానికి మార్చడానికి నిధులు అక్కర్లేదు.