రెండు దీవులు, మూడు జలాశయములు

హైదరాబాదు సముద్రమునకు మిక్కిలి దూరమైన నగరము. అయినను మాధాపురమునందలి హైటెక్ సిటీలో వారమంతయు కంప్యూటరుల ముందు కూర్చుండి పనిచేయు యువజనులు సెలవుదినము వచ్చినంతనే నీటిని వెదకికొని పోవుచున్నారు. వారికి అందుబాటులోనున్న జలాశయములు మూడు: కార్యాలయముల నడుమనే యున్న దుర్గం చెరువు, నగరమధ్యమునందలి హుస్సేన్ సాగరము, సుమారు 150 కిలోమీటర్ల దూరమున కృష్ణానదిపైనున్న నాగార్జునసాగరము. కడపటి రెంటిలోను చెరొక దీవి కలదు; రెండు దీవులకును బుద్ధదేవుని సంబంధము కలదు. గ్రీకు దీవులును కరిబియన్ దీవులును తెరచాప పడవలలో వచ్చు యాత్రికులకై పోటీపడునట్లే, ఇవియు తమ చిన్న మేరలో పోటీపడుచున్నవి. యాత్రికుని తృప్తిపరచునదేది యను ప్రశ్నకు చరిత్రయందే కొంత సమాధానము దొరకునని నా తలంపు.

నాగార్జునకొండ పుట్టుకతో దీవి కాదు. క్రీ. శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకులు విజయపురి రాజధానిగా నేలిన లోయలో నదియొక కొండ మాత్రమే. 1926లో ఆ శిథిలములు పరిశోధకుల కంటబడినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. లోయ మునిగిపోవునని తెలిసి, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున త్రవ్వకములు జరిపి, ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని కొండపైకి తరలించి మరల నిలిపిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. ఒక రాజధాని నీటి యడుగునకు పోయినది, కొండ దీవియైనది.

అచ్చటికి లాంచిలో పోవువారు ఎరుగదగిన శాసనమొకటి కలదు. వీరపురుషదత్తుని 14వ పాలనవత్సరమున బోధిసిరి యను ఉపాసిక, తామ్రపర్ణి స్థవిరులకు, అనగా సింహళ భిక్షువులకు, చైత్యగృహము కట్టించినట్లు అందు వ్రాయబడియున్నది. ఆమె దానములు జరిగిన తావులలో సింహళవిహారమును, కంటకసేలయును కలవు. ఆ కంటకసేలయే నేటి కృష్ణాజిల్లా ఘంటసాల. టాలమీ పేర్కొన్న రేవు. ఒక దీవినుండి సముద్రము దాటివచ్చిన పరదేశులు ఇట్టి రేవులలో ఓడ దిగి, నది వెంబడి ఎగువకు వచ్చియుందురని ఊహించుట అసంగతము కాదు. వారికి ఇచ్చట కొండల సొగసుకంటె ముందు దొరకినది వసతి, ఆదరము. బోధిసిరి యెరిగిన యీ రహస్యమును మన పర్యాటకశాఖలు ఇంకను పూర్తిగా ఎరుగవేమో! వేళకు కదలు లాంచి, రేవున నీడ, త్రాగుటకు మంచినీరు, శిలలను చూపి కథ చెప్పగల మనిషి: ఇవి లేనిచో ఎంతటి దీవియు విసుగే పుట్టించును. 2014లో రాష్ట్రము రెండైనపిమ్మట ఎడమయొడ్డు తెలంగాణమునకు, కుడియొడ్డు ఆంధ్రప్రదేశమునకు చెందినవి. ఒకే నీటిపై రెండు ప్రభుత్వముల పోటీ! యాత్రికునికి ఇందువలన మేలు కలుగవలెను గాని, ఏ యొడ్డున టిక్కెట్టు కొనవలెనో తెలియక తికమకపడునట్లు కారాదు.

హుస్సేన్ సాగరము వేరు తీరుది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 1563 ప్రాంతమున, త్రవ్వబడినది. 1908 మూసీ వరదల పిమ్మట ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము వెలయువరకు నగరమునకు త్రాగునీటి యాధారము. నేడా నీటిని త్రాగుమాట అటుండగా, కొన్ని ఋతువులలో దాని గాలిని పీల్చుటయే కష్టము. దీనిలోని దీవి యొక బండ, పేరు జిబ్రాల్టరు. న్యూయార్కు రేవునందలి స్వేచ్ఛాప్రతిమను చూచివచ్చిన నందమూరి తారకరామారావుగారు, మన నగరమునకును నీటినడుమ నట్టి విగ్రహమొకటి కావలెనని సంకల్పించిరి. భువనగిరి దాపున రాయగిరియందు 18 మీటర్ల యేకశిలాబుద్ధుడు చెక్కబడెను. 1990 మార్చి 10న బండకు చేర్చుచుండగా పడవ ఒరిగి విగ్రహము మునిగెను. పనివారు ప్రాణములు కోల్పోయిరి. రెండున్నర యేండ్లకు పైగా నీటి యడుగున నుండి, 1992 డిసెంబరు 1న అది నిలువబడెను. లుంబినీవనమునుండి లాంచిలో పోవువారు కొలది నిమిషములలో చేరి, ఛాయాచిత్రము తీసికొని మరలుదురు. దగ్గరితనమే దీని బలము. యాత్ర చప్పున ముగియుటయే దీని లోపము.

తెరచాప వేయువారి తృప్తి మరియొక రకము. వారు దీవిని చూడరు, గాలిని చూతురు. వర్షర్తువునందు పడమటిగాలి వీచునపుడు ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్‌వారు ఈ సాగరమున పందెములు నడుపుదురు. చుట్టునున్న మేడలు గాలిని విరుచుటచే అది క్షణమున కొకతీరుగా మారును. నేర్పరికి అదియే పరీక్ష, అదియే వేడుక. లాంచిలో కూర్చున్న కుటుంబమునకో, ఆ గాలియే భయకారణము. ఇరువురను ఒకే నీటిపై సంతోషపెట్టుట ఎట్లు?

భయము నిరాధారము కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల త్రోవలో, కచ్చులూరు వద్ద, గోదావరియందు పడవ మునిగి అనేకులు మరణించిరి. హైదరాబాదు, వరంగల్లు ప్రాంతములవారు పలువురు అందుండిరి. ప్రాణరక్షణ కవచము తొడుగుకొనుడని లాంచి నడుపువాడు గద్దించినచో చిన్నబుచ్చుకొను యాత్రికుడు ఈ సంగతి తలచుకొనవలెను.

దుర్గం చెరువు ఈ పోటీలోనికి కడపట వచ్చినది. గోలకొండ కోటకు త్రాగునీరిచ్చిన యీ చెరువు బండల మాటున దాగి చిరకాలము రహస్యసరస్సను పేర వెలసినది. 1998లో సైబర్ టవర్సు తెరచినపిమ్మట చుట్టును మేడలు లేచినవి. 2020 సెప్టెంబరు 25న తీగలవంతెన తెరువబడినది. చెప్పుకొనదగిన దీవి లేదు, తెరచాపకు చాలినంత విరివియు లేదు. అయినను సాయంకాలము పని ముగించి అయిదునిమిషములలో నీటియొడ్డుకు చేరగల సదుపాయము తక్కిన రెంటికిని లేదు. వంతెనమీది రంగురంగుల దీపములను చూచుటకు వేలకొలది జనులు వచ్చుచున్నారు. గోలకొండకు ఈ నీరే పోయెడిదని వారికి చెప్పు పలక యొకటి రేవున నిలిపినచో బాగుండును.