ఆమె వద్దనుకున్న రాత్రి

1996 జనవరి 2. వాషింగ్టన్ నగరంలో జార్జ్‌టౌన్. పెద్ద బజారు వెనక సందులో ఓ పాత ఇటుక కట్టడం. ఒకప్పుడు గుర్రపు బళ్ళు నిలిపిన చోటది, ఇప్పుడు ‘బ్లూస్ ఆలీ’ అనే జాజ్ క్లబ్బు. బల్లల దగ్గర జనం భోంచేస్తుంటే, నాలుగడుగుల దూరంలో గిటార్ పట్టుకుని పాడుతోంది ఈవా కాసిడీ. వచ్చే నెల 2న ఆమెకు 33 నిండుతాయి. చేతిలో రికార్డు కంపెనీ ఒప్పందం ఒక్కటీ లేదు. ఈ కచేరీని లైవ్ ఆల్బంగా తెచ్చే ఖర్చు కోసం తన పేరిట ఉన్న చిన్నపాటి పెన్షన్ సొమ్ము తీసేసుకుంది.

రెండు రాత్రుల కచేరీ. రెండింటినీ రికార్డు చేసి, బాగా కుదిరినవి ఏరుకుందామని పథకం. తీరా టేపు తిప్పి వింటే మొదటి రాత్రిది సాంకేతిక లోపంతో పనికిరాకుండా పోయింది. ఇక మిగిలింది జనవరి 3 ఒక్కటే. ఏం పాడినా, ఎలా పాడినా ఆ రాత్రే ఆల్బం కావాలి.

పాడింది. ఆమె మాత్రం సంతోషించలేదు. జలుబుతో గొంతు తాను అనుకున్నట్టు పలకలేదని ఆమె బాధ. దీన్ని బయటికి వదలొద్దని పట్టుబట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు నచ్చజెప్పారు. చివరికి ఒక్క షరతు మీద దిగివచ్చింది: తనకెంతో ఇష్టమైన ‘ఓ, హాడ్ ఐ ఎ గోల్డెన్ థ్రెడ్’ పాటను స్టూడియోలో పాడిన రూపంలో ఈ లైవ్ ఆల్బంలో చేర్చాలి. అలాగే చేర్చారు. మే నెలలో ‘లైవ్ ఎట్ బ్లూస్ ఆలీ’ వచ్చింది. వాషింగ్టన్ చుట్టుపక్కల విన్నవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ పొలిమేర దాటి ఆమె పేరు ఎవరికీ తెలీదు.

ఎందుకు తెలీదు? ఆమె గొంతుకు కులగోత్రాలు లేవు కాబట్టి. ఒక పాట జాజ్, తర్వాతిది చర్చి పాట, ఆ తర్వాత జానపదం, ఆపైన బ్లూస్. దుకాణంలో ఏ అరలో పెట్టి అమ్మాలో తేలని గాయనిని కంపెనీలు తీసుకోలేదు. ఒక్క అరకు కట్టుబడడానికి ఆమె ఒప్పుకోలేదు. మేరీలాండ్‌లో ఓ మొక్కల నర్సరీలో కూలి పని చేసుకుంటూ, సాయంత్రాలు క్రిస్ బియాండో స్టూడియోలో పాడుకుంటూ గడిపింది. బియాండో రికార్డింగ్ ఇంజనీరు, ఆమె బృందంలో బేస్ గిటార్ వాయించేవాడు, కొంతకాలం ఆమె మనసుకు దగ్గరైనవాడు కూడా. అతను కూర్చుని రికార్డు చేసిన టేపులే తర్వాతి కథకంతా మూలధనం. వాషింగ్టన్ సొంత సంగీతం గోగోకు పెద్ద దిక్కయిన చక్ బ్రౌన్‌ను ఆమెకు పరిచయం చేసిందీ అతనే. బ్రౌన్‌తో కలిసి 1992లో ‘ది అదర్ సైడ్’ అనే ఆల్బం చేసింది. ‘ఓవర్ ది రెయిన్‌బో’ అందులోదే.

ఆల్బం వచ్చిన రెండు నెలలకు, జూలైలో, గోడల మీద బొమ్మలు వేసే పనిలో ఉండగా తుంటి నొప్పి మొదలైంది. నిచ్చెన ఎక్కి దిగడం వల్లేమో అనుకుంది. ఎక్స్‌రేలో తుంటి ఎముక విరిగిందని తేలింది. 1993లో వీపు మీంచి తీయించుకున్న పుట్టుమచ్చ తాలూకు క్యాన్సర్ ఎముకల్లోకి, ఊపిరితిత్తుల్లోకి పాకింది. మూడు నుంచి అయిదు నెలలన్నారు డాక్టర్లు. సెప్టెంబరులో మిత్రులు ‘బయూ’ క్లబ్బులో సహాయ కచేరీ పెట్టారు. ఇతరుల సాయంతో వేదికెక్కి ‘వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్’ పాడింది. జనం ముందు అదే ఆఖరు. నవంబరు 2న మేరీలాండ్‌లోని బోయీ ఊళ్ళో, ఇంట్లోనే కన్నుమూసింది.

పాట అక్కణ్ణుంచే మొదలైంది.

గ్రేస్ గ్రిఫిత్ అనే జానపద గాయని ఈవా పాటల్ని తన రికార్డులు వేసే బ్లిక్స్ స్ట్రీట్ కంపెనీ యజమాని బిల్ స్ట్రాకు వినిపించింది. ఆయన ఈవా తల్లిదండ్రులు హ్యూ, బార్బరాలతో మాట్లాడాడు. 1998లో ‘సాంగ్‌బర్డ్’ అనే సంకలనం తెచ్చాడు. అందులో కొత్త సరుకేమీ లేదు: చక్ బ్రౌన్‌తో చేసిన ఆల్బం, బ్లూస్ ఆలీ ఆల్బం, ఆమె పోయాక 1997లో వచ్చిన స్టూడియో ఆల్బం ‘ఈవా బై హార్ట్’, ఈ మూడింటి లోంచి ఏరిన పది పాటలు. అంటే ఆమె కూర్చుని, మనసు పెట్టి చేసిన పనే. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో మచ్చలేని ఘట్టం ఇదే.

ఆ డిస్కు సముద్రం దాటి లండన్‌లో బీబీసీ రేడియో 2 నిర్మాత పాల్ వాల్టర్స్ చేతిలో పడింది. టెర్రీ వోగన్ పొద్దుటి కార్యక్రమంలో ‘ఓవర్ ది రెయిన్‌బో’ వేశాడు. ఆఫీసులకు బయల్దేరుతున్న జనం ఆగి, ఎవరీ పిల్ల అని అడగడం మొదలెట్టారు. 2000 డిసెంబరులో బీబీసీ టీవీ కార్యక్రమం ‘టాప్ ఆఫ్ ది పాప్స్ 2’ ఆ పాట వీడియో వేసింది. సినిమా కెమెరాతో తీసింది కాదు, బ్లూస్ ఆలీలో జనవరి 3 రాత్రి ఓ మిత్రుడు చేతి క్యామ్‌కార్డర్‌తో తీసిన మసక బొమ్మ. మళ్ళీ వేయమని ప్రేక్షకులు వెంటపడ్డారు. 2001 మార్చిలో, విడుదలైన మూడేళ్ళకు, ‘సాంగ్‌బర్డ్’ బ్రిటన్ ఆల్బమ్‌లలో ఒకటో స్థానానికి చేరింది. అక్కడ 10 లక్షలకు పైగా అమ్ముడైంది.

ఇక సొరుగులు తెరుచుకున్నాయి. స్టూడియోలో సరదాకు పాడినవి, క్లబ్బుల్లో ఎవరో రికార్డు చేసినవి, సగంలో వదిలేసినవి వరసగా ఆల్బమ్‌లయ్యాయి. 2002లో ‘ఇమాజిన్’, 2003లో ‘అమెరికన్ ట్యూన్’. రెండూ బ్రిటన్‌లో ఒకటో స్థానమే. ఆ తర్వాత ‘సమ్‌వేర్’, ‘సింప్లీ ఈవా’. బతికుండగా తన పేరు మీద ఒక్కటంటే ఒక్క సోలో ఆల్బం చూసుకున్న మనిషికి అర డజనుకు మించి పోగయ్యాయి. వీటిలో నిజంగా గొప్ప పాటలున్నాయి, కాదనను. ఆ టేపులు చెత్తబుట్టలో పోయుంటే మనమే నష్టపోయేవాళ్ళం.

ఘంటసాల భగవద్గీత కూడా ఆయన పోయాకే ఊరూరా మోగింది కదా అంటారేమో. నిజమే. అది ఆయన కోరి పాడి, పాడింది మనకు చేరాలని తలచిన పని. ఈవాను ఈ సొరుగు టేపుల గురించి అడిగినవాళ్ళు లేరు. అడిగిన ఒక్కసారి ఆమె ఏమందో మనకు తెలుసు.

2007లో కేటీ మెలువా అనే గాయని ఈవా గొంతుకు తన గొంతు కలిపి ‘వాట్ ఎ వండర్‌ఫుల్ వరల్డ్’ విడుదల చేసింది. టెస్కో దుకాణాల్లో అమ్మారు, రాబడి రెడ్‌క్రాస్‌కు వెళ్ళింది, డిసెంబరులో బ్రిటన్‌లో అదే ఒకటో నంబరు పాట. పుణ్యకార్యమే, తప్పుపట్టలేం. కానీ యుగళగీతానికి ఇద్దరూ ఒప్పుకోవాలన్న చిన్న నియమం ఎవరికీ గుర్తు రాలేదు. మెలువా పాడుతుంటే నాకు ఆ నియమమే వినిపిస్తుంటుంది.

2015లో ‘నైట్‌బర్డ్’ వచ్చింది. ఆమె బాగాలేదు వద్దన్న జనవరి 3 రాత్రి మొత్తం, 30కి పైగా పాటలు, ఏరివేతలన్నీ తిరగ్గొట్టి, ఒక్కటీ వదలకుండా. అభిమానులకు పండగే. నేనూ విన్నాను. జలుబు ఎక్కడుందా అని వెతికాను, నా చెవికి దొరకలేదు. ఆమె చెవికి దొరికింది. వినేవాడికి అక్కర్లేని తేడాను పాడేవాడు పట్టించుకోవడం వల్లే కదా ఆ పాట అలా ఉంది! అలాంటి చెవిని పక్కన పెట్టి మన చెవికే ఓటు వేసుకున్నాం.

2023లో ఆమె 60వ పుట్టినరోజు పేరిట ఇంకొకటి: ‘ఐ కెన్ ఓన్లీ బీ మీ’. కంప్యూటర్‌కు నేర్పి, పాత రికార్డింగులలోంచి గొంతును విడదీశారు. దాని చుట్టూ లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ సాగదీయాలో ఆమె పాతికేళ్ళ కిందటే తేల్చేసింది, ఇక మార్చదు. అంత పెద్ద ఆర్కెస్ట్రా ఆమె వెనక నడవక తప్పలేదు.