కుదుపు ఎక్కడ ఆగుతుంది?

తిరుపతి నుంచి మదనపల్లెకు పోయే దారిలో రంగంపేట దాటాక కాసేపటికి భాకరాపేట ఘాట్ వస్తుంది. అడవి మధ్య మలుపులు తిరుగుతూ ఎక్కే ఆ దారిలో ఆదివారం తెల్లవారుజామున లారీల మధ్య సన్నటి ఎర్ర దీపాలు మిణుకుమిణుకుమంటూ కనిపిస్తాయి. వంపు హ్యాండిల్‌బారు మీద వాలి, హెల్మెట్లు పెట్టుకుని, పీలేరులో టిఫిన్ చేద్దామని బయల్దేరిన సైకిల్ సవారీదార్లు వాళ్లు. వంద కిలోమీటర్లు దాటాక నడుము, మెడ, అరచేతులు ఒకదాని తర్వాత ఒకటి మొరపెట్టుకుంటాయి. టీకొట్టు దగ్గర ఆగినప్పుడు మాట ఎటు తిరిగినా చివరికి ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది. దూరం తొక్కడానికి ఏ ఫ్రేము సుఖం? స్టీలా, అల్యూమినియమా, కార్బనా?

జవాబు కోసం ముందు అంబత్తూరు దాకా వెళ్లాలి.

చిత్తూరు సీమకూ మద్రాసుకూ బంధుత్వం పాతదే. 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు నేల దఖలుపడేనాటికి ఆ తీరం చంద్రగిరి రాజుల ఏలుబడిలో ఉండేది. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు ప్రభుత్వం కిందే నడిచింది. కోర్టు పనికైనా, పెద్దాసుపత్రికైనా, పెళ్లి బట్టలకైనా పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మద్రాసుకే ప్రయాణం. ఆ మద్రాసు శివారులోని అంబత్తూరులో 1949లో మురుగప్ప కుటుంబం, ఇంగ్లండుకు చెందిన ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి టీఐ సైకిల్స్ స్థాపించాయి. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన హెర్క్యులిస్ పేరు అక్కడ తయారైన సైకిళ్ల మీదికి వచ్చింది. 1955లో పక్కనే ఆవడిలో గొట్టాలు చేసే ట్యూబ్ ప్రొడక్ట్స్ కర్మాగారం మొదలైంది. అప్పట్లో ఇంగ్లండు కంపెనీకి అధిపతిగా ఉన్న సర్ ఐవన్ స్టెడ్‌ఫర్డ్ పేరుతో అంబత్తూరులో ఆసుపత్రి ఇప్పటికీ ఉంది.

ఈ కథలో చాలామంది గమనించని మలుపు ఒకటుంది. సైకిల్ ప్రపంచంలో సుఖానికి మారుపేరుగా నిలిచిన ఉక్కు గొట్టం రేనాల్డ్స్ 531. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ కంపెనీ దాన్ని 1935లో తెచ్చింది. మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు అది. గొట్టం రెండు కొసల్లో, అంటే అతుకు పడేచోట, గోడ మందంగా ఉంటుంది. ఒత్తిడి తక్కువుండే నడుమ భాగంలో పలచబడుతుంది. ఈ పద్ధతికి ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లోనే పేటెంటు తీసుకున్నాడు. నడుమ అర మిల్లీమీటరు మందమే ఉండే గొట్టాలతో తేలికైన ఫ్రేములు తయారయ్యాయి. టూర్ ద ఫ్రాన్స్ విజేతల్లో ఎందరో వాటి మీదే తొక్కారు. ఆ రేనాల్డ్స్‌ను 1928లోనే కొనుక్కున్నది ఎవరు? ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్సే. అంబత్తూరు హెర్క్యులిస్, యూరప్ రేసుల 531 ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డలన్నమాట.

అయినా పుత్తూరు రోడ్డు మీదికి 531 రాలేదు. వచ్చినవి మందపాటి మామూలు ఉక్కు గొట్టాలు. అందులో అన్యాయం వెతకాల్సిన పనిలేదు. ఆ సైకిల్ మీద పొద్దున పాలక్యాన్లు వేలాడేవి, మధ్యాహ్నం గడ్డిమోపు ఎక్కేది, సాయంత్రం కడ్డీ మీద బిడ్డ, క్యారియరు మీద భార్య కూర్చునేవారు. పైకడ్డీ ఒకటి చాలదని రెండు కడ్డీల ఫ్రేములు కూడా అమ్ముడుపోయాయి. ఇరవై కిలోలకు అటూఇటూ బరువున్న ఆ బండికి మోయడమే పని, దూసుకుపోవడం కాదు. ఫ్రేము విరిగితే ఏ ఊళ్లోనైనా గ్యాస్ వెల్డింగు చేసే మనిషి దొరికేవాడు. 1983లో ఎన్టీఆర్ తిరుపతి నుంచి పోటీ చేసినప్పుడు ఆయన ఎన్నికల గుర్తు కూడా ఈ ఇంటింటి బండే.

ఆ మొరటు సైకిల్‌ను తలుచుకుంటూ పాతతరం వాళ్లు ఒక మాట అంటారు: బరువే గానీ, కూర్చుంటే కుదుపు తెలిసేది కాదు. ఆ మాట నిజమే. కాకపోతే ఆ ఘనత ఉక్కుది అనుకోవడం దగ్గరే పొరపాటు. ఆ గొట్టాలు నిజానికి బాగా గట్టివి, పెద్దగా వంగేవి కావు. సుఖం వేరేచోట నుంచి వచ్చింది. ముందు ఫోర్కు బాగా వాలి, కొస ముందుకు వంపు తిరిగి ఉండేది. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. హ్యాండిల్ ఎత్తుగా ఉండి మనిషి నిటారుగా కూర్చునేవాడు. తోలు సీటు కింద స్ప్రింగులు. వీటన్నిటినీ మించింది టైరు. 28 అంగుళాల చక్రానికి ఒకటిన్నర అంగుళాల టైరు, అంటే దాదాపు 40 మిల్లీమీటర్ల వెడల్పు.

ఈ 40 అంకెను గుర్తుపెట్టుకుంటే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది.

యూరప్, అమెరికాల్లో 1970ల నుంచి రేసు సైకిల్ ఉక్కును వదలడం మొదలుపెట్టింది. 1973లో లూయిస్ ఒకాన్యా టూర్ ద ఫ్రాన్స్ కొండ దారుల్లో టైటానియం ఫ్రేము తొక్కాడు. అమెరికాలో గ్యారీ క్లైన్ లావుపాటి అల్యూమినియం గొట్టాలతో ఫ్రేములు చేశాడు. ఫ్రాన్స్‌లో వీటస్ కంపెనీ సన్నటి అల్యూమినియం గొట్టాలను జిగురుతో అతికించింది. ఐర్లండ్ వీరుడు షాన్ కెల్లీ ఎన్నో రేసులు గెలిచింది వాటి మీదే. 1986లో గ్రెగ్ లెమాండ్ కార్బన్ ఫైబర్ ఫ్రేముతో టూర్‌లో దిగి గెలిచాడు.

ఈ వరుసలో వీటస్, క్లైన్ ఫ్రేముల పోలిక మీద కాసేపు నిలవాలి. రెండూ అల్యూమినియమే. వీటస్ మెత్తగా ఊగుతుందని పేరు పడింది, క్లైన్ బండరాయిలా గట్టిదన్నారు. ఒకే లోహానికి రెండు గుణాలు ఎలా వచ్చాయి? ఉక్కుతో పోలిస్తే అల్యూమినియం సాగకుండా నిలిచే బిగువు మూడో వంతే. బరువూ మూడో వంతే. టైటానియం రెండు లెక్కల్లోనూ సగానికి కాస్త అటూఇటూ ఉంటుంది. బరువుకు తగ్గ బిగువు మూడింటికీ దాదాపు సమానం. తేడా తెచ్చేది గొట్టం లావు. గోడ మందం మారకుండా గొట్టం వ్యాసం ఒకటిన్నర రెట్లయితే వంగకుండా నిలిచే శక్తి మూడు రెట్లు దాటుతుంది. పాత ఉక్కు ఫ్రేము కిందిగొట్టం వ్యాసం 28.6 మిల్లీమీటర్లు. అదే కొలతలో అల్యూమినియం వాడితే వీటస్, దాన్ని బాగా లావు చేస్తే క్లైన్. అందుకే అల్యూమినియం కఠినం, ఉక్కు మెత్తన అని లోహానికి స్వభావం అంటగట్టే మాట సగం కూడా నిజం కాదు.

కార్బన్ సంగతి ఇంకా వేరు. అది లోహం కాదు, జిగురులో పరిచిన నూలు లాంటిది. పోగులు ఏ దిక్కుకు పరిస్తే ఆ దిక్కున బలం. రేసు కోసం గట్టిగా చేయవచ్చు, దూరప్రయాణం కోసం వెనక సన్నకడ్డీల దగ్గర కాస్త మెతకగానూ చేయవచ్చు. ఉత్తర ఫ్రాన్స్ రాళ్ల బాటల రేసు పేరు పెట్టుకుని 2004లో వచ్చిన స్పెషలైజ్డ్ రూబే లాంటి సైకిళ్లు ఈ రెండో దారి పట్టాయి.

ఈ మార్పులు చిత్తూరు, తిరుపతి దుకాణాలకు ఆలస్యంగా చేరాయి. మన దగ్గర గేర్ల సైకిళ్లు పెరిగేసరికి రోడ్ బైక్ అంటే అల్యూమినియం అనే మాట స్థిరపడింది. అంబత్తూరు టీఐ కూడా మోంట్రా పేరుతో అల్యూమినియం, కార్బన్ సైకిళ్లు తెచ్చింది. పాత హెర్క్యులిస్ దిగి కొత్త రోడ్ బైక్ ఎక్కినవాడు ఒక్కరోజులో చాలా మార్పులకు లోనయ్యాడు. నిటారు నడుము వంగింది. స్ప్రింగుల సీటు పోయి గట్టి సన్నసీటు వచ్చింది. 40 మిల్లీమీటర్ల టైరు పోయి 23 వచ్చింది. టైరు అడ్డుకోతలో గాలికి దొరికే చోటు లెక్కేస్తే పాతదానిలో మూడో వంతు. పైగా అందులో రాయిలా అయ్యేదాకా గాలి కొట్టాలని సలహా. వంద కిలోమీటర్లకు అరచేతులు మొద్దుబారితే నింద మాత్రం అల్యూమినియం మీద పడింది.

సైకిల్ ఫ్రేము రెండు త్రిభుజాలు కలిసిన కట్టడం. పైకప్పు దూలాల అమరికలాగే పైనుంచి పడే బరువుకు అది వంగేది చాలా తక్కువ, మిల్లీమీటరులో కొంత భాగం. అదే టైరు కొన్ని మిల్లీమీటర్లు అణుగుతుంది. సీటును మోసే సన్నకడ్డీ కూడా కాస్త ఊగుతుంది. అందువల్ల కుదుపు ముందుగా ఆగేది గాలిలో, ఆ తర్వాత సీటుకడ్డీలో, అన్నిటి తర్వాతే ఫ్రేములో. దూరం తొక్కేవాళ్లు ఫ్రేము కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న దాని లోహం గురించి కాదు, అందులో 32 మిల్లీమీటర్ల టైరు పడుతుందా అన్నది. 23తో పోలిస్తే 32లో దాదాపు రెండింతల గాలి ఉంటుంది. తక్కువ ఒత్తిడితో నడిపినా రిమ్ము దెబ్బతినదు. రెండో ప్రశ్న హ్యాండిల్ ఎంత ఎత్తులో వస్తుందన్నది.

అలాగని ఫ్రేము దేనిదైనా ఒకటే అనుకోకూడదు. ఈ సీమ దారులకు వాటి లక్షణాలున్నాయి. చిత్తూరు నుంచి పలమనేరుకు మొగిలి ఘాట్ ఎక్కితే పీఠభూమి. మదనపల్లె దాటి హార్స్‌లీ హిల్స్‌కు మళ్లితే 1,265 మీటర్ల ఎత్తు. హైవే నున్నగా ఉంటుంది, ఊళ్లోకి తిరిగితే సిమెంటు రోడ్డు అతుకులు, గుంతలు. వేసవిలో నలభై డిగ్రీల ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. ఘాట్ ఎక్కేటప్పుడు తక్కువ బరువు హాయినిస్తుంది, అక్కడ కార్బన్‌కు తిరుగులేదు. రాయి తగిలో, సైకిల్ కిందపడో లోపల పగులు ఏర్పడితే మాత్రం పైకి కనిపించకపోవచ్చు, బాగుచేసే నిపుణుడు పెద్ద నగరంలోనే దొరుకుతాడు. అల్యూమినియం తుప్పు పట్టదు, ధర అందుబాటులో ఉంటుంది. కానీ చిన్న ఒత్తిడైనా పదేపదే పడుతుంటే ఏళ్ల తరబడి దాని బలం కొంచెం కొంచెం తరుగుతుంది. ఉక్కు అలా కాదు, ఒక హద్దు లోపలి ఒత్తిడిని ఎన్నిసార్లయినా భరిస్తుంది. క్రోమియం, మాలిబ్డినం కలిసిన క్రోమోలీ ఉక్కు ఫ్రేము రెండు కిలోలకు కాస్త అటూఇటూ తూగుతుంది. వానాకాలం పోయాక సీటుకడ్డీ పీకి లోపల నూనె రాస్తే తరాలు నిలుస్తుంది. టైటానియానికి ఉక్కు ఓర్పూ ఉంది, తుప్పు బెడదా లేదు. అడ్డొచ్చేది ధరే.

దూరం తొక్కేవాళ్లు కలలుగనే సైకిల్ సవారీ ఒకటుంది. 1891లో ఫ్రాన్స్‌లో మొదలైన ఆ ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. పన్నెండు వందల కిలోమీటర్లు, తొంభై గంటల గడువు. భారతీయులూ వెళ్తున్నారు. దానికి తొలిమెట్టు బ్రెవే అనే గడువు సవారీ, పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాల్సిన 200 కిలోమీటర్లు. అంత దూరానికి తయారయ్యేవాళ్లకు, మరీ ఇరవయ్యేళ్ల కుర్రవాళ్లు కాకపోతే, ఈ దారుల్లో క్రోమోలీ ఫ్రేము గానీ, కార్బన్ ఫోర్కున్న మంచి అల్యూమినియం ఫ్రేము గానీ చాలు. మిగిలే డబ్బును టైర్ల మీద, ఒంటికి సరిపడా సైకిల్ అమర్చే నిపుణుడి మీద ఖర్చుపెట్టడం మేలు.

దుకాణంలో రెండు ఫ్రేములను పోల్చి చూడాలనుకునేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రెండింటికీ ఒకే వెడల్పు టైర్లు వేయించి, పంపు మీటరు చూసి ఒకే ఒత్తిడికి గాలి కొట్టించాలి. సీటు ఎత్తు, హ్యాండిల్ ఎత్తు టేపుతో కొలిచి సమానం చేయించాలి. అప్పుడు చంద్రగిరి వైపు ఏదైనా పాత సిమెంటు రోడ్డు మీద అతుకులు తగిలేలా రెండింటినీ తొక్కి రావాలి. అప్పటికీ తేడా తెలిస్తేనే అది ఫ్రేముది.