బీడు మీద గీసిన హద్దు

ఆదిలాబాద్ అడవిని పోడు తినేసిందన్న మాట ఇచ్చోడ నుంచి హైదరాబాద్ దాకా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు, కాకపోతే అది కథను సగంలో ఎత్తుకుంటుంది. ఇచ్చోడకు తూర్పున ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు సాగే గుట్టల్లో గోండులు, కోలాములు చేసిన సేద్యానికి ఒక లెక్క ఉండేది. గుట్టల మీది ఎర్రనేల పలుచన. కొన్నేళ్లు పంట తీస్తే సారం పోతుంది. అప్పుడా చెలకను వదిలి పక్కదానికి పోయేవారు. వదిలిన నేల మీద పొదలు, చెట్లు లేచి సారం తిరిగొచ్చాక మళ్లీ అక్కడికే వచ్చేవారు. కోలాములైతే ఏటవాలు నేలను నాగలి లేకుండానే సాగుచేసేవారు. చూసేవాళ్లకు దిక్కులేనిదిగా కనిపించే ఆ బీడు వాళ్ల వ్యవసాయంలో సగం.

నిజాం అటవీశాఖ రిజర్వు అడవుల హద్దులు గీసినప్పుడు ఈ సగమే లోపలికి పోయింది. దున్నుతున్న నేల రైతు కింద, దున్నని నేల సర్కారు కింద లెక్కకొచ్చాయి. కొన్నిచోట్ల ఊళ్లకు ఊళ్లే హద్దు లోపల పడితే అటవీ సిబ్బంది గుడిసెలు తగలబెట్టి ఖాళీ చేయించారు. బ్రిటిష్ ఇండియాలో 1878 అటవీ చట్టానికి ముందు ఇదే తగాదా నడిచింది. అడవిలో ఊరికి హక్కు మిగలాలన్నాడు అటవీ అధికారి డీట్రిచ్ బ్రాండిస్, సర్కారు పెత్తనమే ఉండాలన్నాడు మరో అధికారి బేడన్-పావెల్. రెండో మాటే నెగ్గింది. హైదరాబాద్ రాజ్యం నడిచిందీ ఆ దారినే. ఈ హద్దుల మీద తిరగబడ్డ గోండు నాయకుడు కొమురం భీంను 1940లో జోడేఘాట్ దగ్గర కాల్చి చంపాక గానీ, ఈ గొడవకు మూలమేమిటో చూడమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపలేదు. ఆయన నివేదికలు 1945లో పుస్తకంగా వచ్చాయి. గోండులకు పట్టాలు దక్కడం మొదలైంది ఆ దశాబ్దంలోనే.

హద్దులే లేకపోతే టేకు మిగిలేదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల అభయారణ్యంగా మారిన కవ్వాల్ మిగిలిందంటే ఆ కాపలా పుణ్యం కొంత ఉంది. అయితే కాపలా కాయడానికి ఊరి బీడును కలుపుకోనక్కర్లేదు. ఇవాళ్టి పోడు పాతది కాదు, ఏటా పత్తి వేస్తున్నారు కదా అన్నది రెండో అభ్యంతరం. అదీ నిజమే. కానీ బీడు పెడితే జంగ్లాతోళ్లు, అంటే అటవీ సిబ్బంది, తీసుకుంటారని తరాలుగా చూసినవాడు నేలకు విశ్రాంతి ఎలా ఇస్తాడు? రోడ్లు పడ్డాక బయటి రైతులు, వడ్డీవ్యాపారులు వచ్చి పట్టా భూములనూ లాక్కున్నారు. భూమి అడగడానికి 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గుమిగూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్కలోనే 13 మంది చనిపోయారు.

అడవిని తిరిగి పెంచడంలోనూ అటవీశాఖ పాత లెక్కే నడుస్తోంది. 1992లో వచ్చిన వన సంరక్షణ సమితులు ఊరికి వాటా ఇస్తామన్నాయి. ఆలోచన మంచిది. జీవోల మీద, ప్రాజెక్టు నిధుల మీద నిలబడ్డ సమితులు మాత్రం ఆ నిధులు ఆగాక చాలాచోట్ల కాగితాల్లోనే మిగిలాయి. నేపాల్ 1993లోనే ఊరి వాడుకదారుల సంఘాలకు అడవిని చట్టం ద్వారా అప్పగించింది. మనకూ 2006 అటవీ హక్కుల చట్టం ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, తిరిగి పెంచుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. ప్రభుత్వాలు పట్టించుకున్నది వ్యక్తిగత పట్టాలనే. 2023 జూన్ 30న తెలంగాణలో మొదలైన పట్టాల పంపిణీలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు భూమి ఉంది. ఉమ్మడి హక్కు ఊసు అంతగా లేదు. అది తేలకుండా పోడు చెలకల్లో మొక్కలు నాటబోతే, ఏ శాఖ ఎంత ఖర్చుపెట్టినా ప్రతి వానాకాలం తగాదా తప్పదు. దీనికో ఉదాహరణ: కవ్వాల్‌ను, మహారాష్ట్రలోని తడోబా అడవిని కలుపుతూ 2025 మే 30న ప్రభుత్వం కుమురం భీం పేరుతో కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించింది. ఆదివాసీలు ఆందోళనకు దిగడంతో ఆ ప్రకటన తెచ్చిన జీవో 49ని జులై 21న నిలిపివేయాల్సి వచ్చింది.